ఫైల్లో జిబ్రాల్టర్, అడుగున న్యూజెర్సీ: జర్మన్ జలాంతర్గాములు ‘ఉండకూడని’ చోట ఎందుకు దొరుకుతున్నాయి

1991 సెప్టెంబర్ మొదట్లో అమెరికాలోని న్యూజెర్సీ తీరం నుంచి దాదాపు 60 మైళ్ళు సముద్రంలోకి వెళ్ళి కొంతమంది డైవర్లు నీళ్ళలోకి దిగారు. అక్కడ ఏముందో వాళ్ళకి తెలియదు. చేపల వేటకి వెళ్ళే ఒకాయన తనకి బాగా చేపలు పడే చోటు ఒకటి చెప్పాడు, అంతే. అడుగున రాళ్ళో, మునిగిన ఓడో ఉంటే దాని చుట్టూ చేపలు గుమిగూడతాయి కాబట్టి అలాంటి చోట్లంటే ఈ డైవర్లకి ఆశ. పాత బార్జ్ ఏదో ఉంటుందనుకుంటూ దిగితే దాదాపు 70 మీటర్ల లోతున, చీకట్లో, టార్చి వెలుగులో కనిపించింది ఒక జర్మన్ జలాంతర్గామి.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తూర్పు తీరం దాకా యూ-బోట్లు, అంటే జర్మన్ జలాంతర్గాములు, వచ్చిన మాట అందరికీ తెలిసిందే. కానీ ఆ చోట, ఆ చుట్టుపక్కల ఎక్కడా ఒక యూ-బోట్ మునిగినట్టు అమెరికా నేవీ రికార్డుల్లో లేదు, జర్మనీ రికార్డుల్లోనూ లేదు. దాంతో డైవర్లు దానికి ‘యూ-హూ’ అని పేరు పెట్టుకున్నారు, అంటే ‘యూ-ఎవరు’ అన్నమాట. ఆ ప్రశ్నకి జవాబు దొరకడానికి ఆరేళ్ళు పట్టింది, ముగ్గురు డైవర్ల ప్రాణాలు పోయాయి. అసలు విషాదం ఏమిటంటే, జవాబు వాళ్ళ చేతికి మొదట్లోనే వచ్చింది.

జాన్ చాటర్టన్ అనే డైవర్ లోపలి నుంచి ఒక కత్తి తీసుకొచ్చాడు. భోజనం దగ్గర వాడుకునే మామూలు కత్తి. చెక్క పిడి మీద ఎవరో తీరిగ్గా కూర్చుని తన పేరు చెక్కుకున్నారు, ఇంట్లో స్టీలు గ్లాసు మీద పేరు వేయించుకున్నట్టు. ఇరుకు పడవలో 50, 60 మంది నెలల తరబడి కలిసి బతికేటప్పుడు ఎవరి వస్తువు వాళ్ళది అని చెప్పుకోవడానికి అంతకు మించి దారి ఉండదు కదా. ఆ పేరు పట్టుకుని జర్మనీలో వాకబు చేస్తే, ఆ ఇంటిపేరున్న రేడియో ఆపరేటర్ యూ-869 అనే జలాంతర్గామిలో పనిచేసి చనిపోయాడని తేలింది. అయితే యూ-869 సంగతి అప్పటికే పుస్తకాల్లో ఉంది: 1945 ఫిబ్రవరి 28న జిబ్రాల్టర్ దగ్గర, మొరాకోలోని రబాత్ తీరానికి ఎదురుగా, అమెరికా నౌక ఫౌలర్, ఒక ఫ్రెంచి నౌక కలిసి దాన్ని ముంచేశాయి. అంటే అట్లాంటిక్‌కి అవతలి ఒడ్డున. కాబట్టి ఈ పడవ యూ-869 అయ్యే అవకాశమే లేదని అందరూ తీర్మానించేశారు. కత్తి సంగతి? ఎవరికో ఇచ్చి ఉంటాడు, ఏదో రేవులో పోగొట్టుకుని ఉంటాడు, అది మరో పడవలోకి చేరి ఉంటుంది అనుకున్నారు.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. చేతిలో ఉన్న వస్తువు ఒకటి చెబుతోంది, ఫైల్లో ఉన్న కాగితం ఇంకొకటి చెబుతోంది, రెంటిలో కాగితాన్ని నమ్మారు. ఇందులో ఆ డైవర్ల తప్పు పెద్దగా లేదు. వాళ్ళు అడిగిన ప్రతి నిపుణుడూ అదే చెప్పాడు. చివరికి 1997 ఆగస్టు 31న ఎలక్ట్రిక్ మోటార్ గది నుంచి తీసిన స్పేర్ పార్టుల పెట్టె మీద ఉన్న చిన్న లోహపు రేకు విషయం తేల్చింది. దాని మీద యూ-869 అని ఉంది.

మునిగిన యూ-బోట్ల గురించి వార్త వచ్చినప్పుడల్లా ‘ఊహించని చోట దొరికింది’ అనే హెడ్డింగ్ పెడతారు. నిజానికి చాలా సందర్భాల్లో ఆ పడవ వెళ్ళమన్న చోటికే వెళ్ళింది, పోరాడిన చోటే మునిగింది. చోటు తప్పు కాదు, మన ఊహకి ఆధారమైన లెక్క తప్పు. ఆ లెక్క ఎలా తప్పిందో చూస్తే, యుద్ధ చరిత్ర అని మనం చదువుకునే దాంట్లో ఎంత భాగం గట్టిదో, ఎంత భాగం సర్దుబాటో తెలుస్తుంది.

యూ-869 సంగతే తీసుకుందాం. 1944 డిసెంబర్‌లో అది నార్వే నుంచి బయల్దేరింది. మొదట వచ్చిన ఆదేశం న్యూయార్క్ వైపు వెళ్ళమని. మిత్రపక్షాల విమానాలను తప్పించుకోవడానికి చుట్టుదారిలో వెళ్ళడంతో ఇంధనం చాలదేమోనని జర్మనీలోని ప్రధాన కార్యాలయానికి అనుమానం వచ్చింది. 1945 జనవరిలో దారి మార్చి జిబ్రాల్టర్ వైపు వెళ్ళమని రేడియోలో చెప్పారు. ఆ మెసేజ్ అందినట్టు పడవ నుంచి జవాబు రాలేదు. ఇప్పుడు మనం ఫోన్లో మెసేజ్ పెట్టి రెండు టిక్కులు పడ్డాయా అని చూసుకుంటాం. అప్పట్లో ఆ సదుపాయం లేదు, పైగా రేడియో వాడితే శత్రువు చోటు పసిగడతాడు కాబట్టి జవాబు ఇవ్వకపోవడం కూడా మామూలే. అందుకే ఆఫీసులో ఉన్నవాళ్ళు మ్యాపు మీద యూ-869ని జిబ్రాల్టర్ వైపు నడిపించేశారు. పడవ మాత్రం మొదటి ఆదేశం ప్రకారం అమెరికా వైపే వెళ్ళిపోయింది. ఆ తర్వాత దాని నుంచి ఏ కబురూ లేదు.

యుద్ధం అయిపోయాక బ్రిటిష్, అమెరికన్ అధికారులు జర్మన్ల దగ్గర దొరికిన రికార్డులు ముందేసుకుని జాబితా తయారుచేయడానికి కూర్చున్నారు. ఒక పక్క తిరిగి రాని యూ-బోట్ల పేర్లు. ఇంకో పక్క ‘మేము ఫలానా రోజున, ఫలానా చోట, ఒకదాన్ని ముంచాం’ అని నౌకలూ విమానాలూ పంపిన రిపోర్టులు. ఈ రెంటినీ జత కలపాలి. వందల్లో ఉన్న పడవలు, వేలల్లో ఉన్న రిపోర్టులు, తొందరగా ముగించాల్సిన పని. జిబ్రాల్టర్ దగ్గర ఉండాల్సిన పడవ ఒకటి కనిపించడం లేదు, ఆ ప్రాంతంలో ఫిబ్రవరి 28న ఒక దాడి జరిగింది. దాడి జరిగిన కొత్తలో దాని ఫలితం మీద అధికారులకి పెద్ద నమ్మకమేమీ లేదు. అయినా ఖాళీగా ఉన్న గడిలో సరిపోయే పేరు అది ఒక్కటే. కలిపేశారు, పద్దు మూసేశారు.

తప్పుడు రాతలు కావాలని రాసినవి కావు. డెప్త్ చార్జ్ అంటే నూనె పీపాలాంటి డబ్బాలో పేలుడు పదార్థం నింపి, ఫలానా లోతుకి వెళ్ళాక పేలేలా అమర్చి నీళ్ళలోకి వదిలేది. పేలాక పైన ఉన్నవాళ్ళకి కనిపించేది తెల్లటి నురగ, చచ్చి తేలిన చేపలు, అదృష్టం బాగుంటే కాస్త నూనె తెట్టు. ఆ నూనె పగిలిన యూ-బోట్‌దే కావచ్చు, లేదా చచ్చినట్టు నటించడానికి లోపలివాళ్ళు కావాలని వదిలింది కావచ్చు. అడుగున ఎప్పుడో మునిగిన ఓడ మీద డెప్త్ చార్జ్ పడినా నూనె పైకి వస్తుంది. దేన్ని కొట్టామో కంటితో చూసే వీలు లేని యుద్ధం అది. అందుకే నౌకాదళాలు ప్రతి రిపోర్టుకీ ‘ఖాయంగా మునిగింది’, ‘బహుశా మునిగింది’, ‘దెబ్బ తగల్లేదు’ అంటూ గ్రేడులు ఇచ్చేవి. యుద్ధం తర్వాత జాబితా పూర్తి చేసే తొందరలో ‘బహుశా’లు చాలా ‘ఖాయం’ అయిపోయాయి, పుస్తకాలు వాటిని ఎత్తిరాశాయి, ఆ పుస్తకాలను చూసి ఇంకొన్ని పుస్తకాలు వచ్చాయి.

ఇంకో కారణం కూడా ఉంది. జర్మన్లు ఎనిగ్మా అనే యంత్రంతో పంపే రహస్య సంకేతాలను మిత్రపక్షాలు చదివేస్తున్నాయన్న విషయం 1970ల దాకా బయటికి రాలేదు. యూ-869కి దారి మార్చమన్న మెసేజ్ అందలేదేమో, అది ఇంకా న్యూయార్క్ వైపే వస్తోందేమో అని ఆ సంకేతాలు చదివే విభాగంలో అప్పుడే అనుకున్నారు. ఆ కాగితాలు రహస్యంగా ఉండిపోయాయి, జాబితా బయటికొచ్చింది.

యూ-869 ఎలా మునిగింది అన్న దాని మీద మాత్రం ఇప్పటికీ ఒక మాట లేదు. అది వదిలిన టార్పెడోనే గుండ్రంగా తిరిగొచ్చి దాన్ని కొట్టిందని చాటర్టన్, అతని తోటి డైవర్ రిచీ కోలర్ వాదన. అలా తిరిగొచ్చే టార్పెడోలు ఆ యుద్ధంలో రెండు పక్షాలకూ ఎదురైన ప్రమాదమే. 1945 ఫిబ్రవరి 11న హోవర్డ్ డి. క్రో, కోయినర్ అనే రెండు అమెరికన్ నౌకలు ఆ చోట చేసిన దాడి వల్లే మునిగిందని ఇంకో వాదన, అమెరికా కోస్ట్ గార్డ్ దీన్నే ఒప్పుకుంది. చిత్రం ఏమిటంటే ఆ రోజు ఆ నౌకల్లో ఉన్నవాళ్ళు నూనె పైకి రావడం చూసి, ఇదేదో పాత మునిగిన ఓడ అయ్యుంటుందని వెళ్ళిపోయారు. ఈ వాదనే నిజమైతే, నిజంగా కొట్టినవాళ్ళు కొట్టామనుకోలేదు, కొట్టనివాళ్ళ ఖాతాలో అది పడింది.

దీనికంటే మనసుని ఎక్కువ కలతపెట్టే కథ మెక్సికో గల్ఫ్‌లో జరిగింది.

1942, 43 సంవత్సరాల్లో పాతికకు దగ్గరగా యూ-బోట్లు ఆ గల్ఫ్‌లోకి చొరబడి 56 ఓడలను ముంచేశాయి. చాలామంది అమెరికన్లకే ఈ సంగతి తెలియదు. 1942 జులై 30న రాబర్ట్ ఇ. లీ అనే ప్రయాణికుల ఓడ న్యూ ఆర్లిన్స్ వైపు వెళ్తోంది. అందులో అంతకు ముందు టార్పెడో దాడుల్లో ఓడలు పోగొట్టుకుని బతికి బయటపడిన మనుషులు కూడా ఉన్నారు. మిసిసిపీ నది సముద్రంలో కలిసే చోటికి ఇంకా 45 మైళ్ళు ఉందనగా యూ-166 దాని మీద టార్పెడో వదిలింది. ఓడ నిమిషాల్లో మునిగిపోయింది, 25 మంది చనిపోయారు. కాపలాగా వస్తున్న చిన్న నౌక పీసీ-566 పెరిస్కోప్ కనిపించిన వైపు దూసుకెళ్ళి డెప్త్ చార్జీలు వదిలింది, నూనె తేలింది, కిందనుంచి చప్పుడు ఆగిపోయింది. దాని కెప్టెన్ హెర్బర్ట్ క్లాడియస్ ‘ముంచేశాం’ అని రిపోర్టు పంపాడు.

నేవీ నమ్మలేదు. ఆ సిబ్బందికి యూ-బోట్ల వేటలో శిక్షణ లేదు, దాడి చేసిన తీరు సరిగా లేదు, రిపోర్టు సరిగా లేదు అని తప్పుబట్టి క్లాడియస్‌ని తిరిగి ట్రైనింగ్‌కి పంపించారు. రెండు రోజుల తర్వాత, ఆగస్టు 1న, లూసియానాలోని హౌమా నుంచి బయల్దేరిన ఒక చిన్న కోస్ట్ గార్డ్ విమానం నీటి మీద ఒక యూ-బోట్‌ని చూసి తన దగ్గరున్న ఒకే ఒక్క డెప్త్ చార్జ్ వదిలింది. నూనె తెట్టు కనిపించింది. యుద్ధం తర్వాత లెక్కలు తీస్తే గల్ఫ్‌లో పోయిన యూ-బోట్ ఒక్కటే, యూ-166. దాన్ని విమానం ఖాతాలో రాశారు. విమానంలో ఉన్న ఇద్దరికీ పతకాలు వచ్చాయి.

దశాబ్దాల పాటు యూ-166 కోసం వెతికినవాళ్ళంతా విమానం చెప్పిన చోటు చుట్టూ వెతికారు. దొరకలేదు. ఎలా దొరుకుతుంది, అది అక్కడ లేదు కదా. ఇంకా విచిత్రం, 1986లోనే ఒక ఆయిల్ కంపెనీ సర్వేలో రాబర్ట్ ఇ. లీ శిథిలం, దాని దగ్గర్లో ఇంకో శిథిలం రెండూ కనిపించాయి. రెండోది ఆల్కోవా ప్యూరిటన్ అనే సరుకు ఓడ అయ్యుంటుందని రాసుకుని వదిలేశారు. యూ-166 పదిహేనేళ్ళ పాటు మ్యాపు మీద ఇంకొకరి పేరుతో ఉండిపోయింది.

2001లో అక్కడ సముద్రం అడుగున పైప్‌లైన్ వేయాల్సి వచ్చింది. అమెరికా చట్టం ప్రకారం అలాంటి పని మొదలుపెట్టే ముందు అడుగున పాత ఓడల్లాంటివి ఏమున్నాయో సర్వే చేసి తీరాలి. మనిషి నడపని చిన్న యంత్రాన్ని దాదాపు 1,500 మీటర్ల లోతుకి పంపించి, అడుగుకి దగ్గరగా తిప్పి సోనార్‌తో, అంటే శబ్ద తరంగాలతో, చిత్రాలు తీశారు. సరుకు ఓడ అనుకున్నది ఆ ఓడకి ఉండాల్సిన పొడవు లేదు. సన్నగా, రెండు ముక్కలుగా ఉంది. తర్వాత కెమెరాలున్న యంత్రాన్ని దించితే డెక్ మీద ఫిరంగి, పైన గోపురంలా ఉండే కాన్నింగ్ టవర్ స్పష్టంగా కనిపించాయి. ముందు భాగం తెగి వేరే చోట పడి ఉంది, డెప్త్ చార్జ్ సరిగ్గా ముందు డెక్ దగ్గర పేలితే అయ్యే నష్టం అది. తను ముంచిన రాబర్ట్ ఇ. లీకి రెండు మైళ్ళ లోపే, విమానం చెప్పిన చోటికి దాదాపు 140 మైళ్ళ దూరంలో. క్లాడియస్ చెప్పింది అక్షరాలా నిజం. మరి విమానం చూసింది ఎవరిని? యూ-171ని. అది దెబ్బ తినకుండా తప్పించుకుని వెళ్ళిపోయింది.

2014 డిసెంబర్‌లో అమెరికా నేవీ మంత్రి రే మాబస్ తప్పు ఒప్పుకుని క్లాడియస్‌కి లీజియన్ ఆఫ్ మెరిట్ పతకం ప్రకటించారు. అప్పటికి ఆయన లేరు, కొడుకు అందుకున్నారు. దాడి జరిగి 72 ఏళ్ళు. తను చేసింది చేశానని చెప్పినందుకు చీవాట్లు తిని, ఆ మాట నిజమని రుజువు కాకుండానే ఒక మనిషి వెళ్ళిపోయాడు. దీన్ని ‘చరిత్రలో చిన్న సవరణ’ అనడానికి మనసొప్పదు.

ఈ కథకి సరిగ్గా తిరగబడ్డ కథ ఇంగ్లండ్ పక్కన ఉంది. అది మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. యూసీ-66 అనే జలాంతర్గామిని 1917 జూన్‌లో సీ కింగ్ అనే నౌక కార్న్‌వాల్ దగ్గర ముంచిందని జాబితాలో ఉండేది. 2009లో శిథిలం దొరికాక పరిశోధకుడు ఇన్నెస్ మెకార్ట్నీ లెక్కలన్నీ మళ్ళీ తిరగేసి, దాన్ని అంతకు ముందే, 1917 మే 27న, సిల్లీ దీవుల దగ్గర ఒక సీప్లేన్ బాంబులతో ముంచిందని తేల్చాడు. విమానం చేతిలో మునిగిన మొదటి జర్మన్ జలాంతర్గామి ఇదే అవుతుంది. గల్ఫ్‌లో నౌక ఘనత విమానానికి పోయింది, ఇక్కడ విమానం ఘనత నౌకకి పోయింది. రెండు చోట్లా సరిచేసింది అడుగున పడి ఉన్న ఇనుమే.

లెక్క తప్పని, చోటే నిజంగా వింతైన సందర్భం కూడా ఒకటుంది. అది నల్ల సముద్రం. మ్యాపు చూస్తే అర్థమవుతుంది: మధ్యధరా నుంచి నల్ల సముద్రంలోకి పోవాలంటే టర్కీ చేతిలో ఉన్న బోస్ఫరస్ జలసంధి ఒక్కటే దారి. 1936 నాటి మాంట్రో ఒప్పందం కింద యుద్ధకాలంలో ఆ దారిలో యుద్ధ నౌకలని పోనివ్వకుండా టర్కీ మూసేసింది. మరి అక్కడ ఆరు జర్మన్ జలాంతర్గాములు ఎలా తేలాయి?

రోడ్డు మీద వెళ్ళాయి. 1942లో ఉత్తర జర్మనీలోని కీల్ రేవులో యూ-9, యూ-18, యూ-19, యూ-20, యూ-23, యూ-24 అనే ఆరు చిన్న రకం పడవలను ఎంచుకున్నారు. ఒక్కోటీ 43 మీటర్ల లోపే. ఇంజన్లు, బ్యాటరీలు, కాన్నింగ్ టవర్ అన్నీ ఊడదీశారు. మిగిలిన ఖాళీ పొట్టను పక్కకి ఒరగబెట్టి పాంటూన్లు అనే తేలే దిమ్మెల మీద ఎక్కించి ఎల్బే నది మీదుగా డ్రెస్డెన్ దాకా లాక్కెళ్ళారు. అక్కడ బోలెడన్ని చక్రాలున్న ట్రెయిలర్ల మీదకి ఎక్కించి హైవే మీద, చాలా మెల్లగా, ఇంగోల్‌స్టాట్ దాకా తీసుకెళ్ళారు. మన ఊళ్ళ మీదుగా గాలిమరల రెక్కలో, పెద్ద ట్రాన్స్‌ఫార్మరో వెళ్తుంటే ట్రాఫిక్ ఆపేసి జనం గుమిగూడి చూస్తారు చూడండి, ఆ దృశ్యం గుర్తుచేసుకుంటే సరిపోతుంది, కాకపోతే ట్రెయిలర్ మీద ఉన్నది జలాంతర్గామి. ఇంగోల్‌స్టాట్‌లో డాన్యూబ్ నదిలోకి దింపి, నది వెంట రొమేనియా దాకా పంపించి, అక్కడ మళ్ళీ బిగించి, కాన్‌స్టాంట్సా రేవు నుంచి సోవియట్ ఓడల మీదకి వదిలారు.

1944 ఆగస్టు 23న రొమేనియా పక్షం మార్చేసింది. జర్మన్లకి రేవు లేకుండా పోయింది. అప్పటికే ఒకటి సోవియట్ బాంబుల్లో మునిగింది, రెంటిని కాన్‌స్టాంట్సా దగ్గర సొంత సిబ్బందే ముంచేశారు. మిగిలిన యూ-19, యూ-20, యూ-23 సముద్రంలోనే ఉండి, తిరిగి వెళ్ళే దారి లేక, సెప్టెంబర్‌లో టర్కీ తీరం దగ్గరికి చేరాయి. సిబ్బంది పడవలను ముంచేసి ఒడ్డుకి చేరితే టర్కీ వాళ్ళని యుద్ధం అయ్యేదాకా నిర్బంధంలో ఉంచింది. యూ-20 శిథిలం 1994లో కరాసు పట్టణం దగ్గర బయటపడింది, మిగతా వాటి కోసం టర్కీ ఇంజనీరు సెల్చుక్ కొలాయ్ ఏళ్ళ తరబడి వెతికాడు. ఇక్కడ ఎవరికీ పెద్ద గందరగోళం లేదు, ఎందుకంటే ముంచినవాళ్ళే బతికి ఉన్నారు, ఎక్కడ ముంచారో చెప్పగలరు. మిగతా కథల్లో లేనిది అదే. యూ-869లో 56 మంది ఉన్నారు, ఒక్కరూ బయటపడలేదు. యూ-166లో 52 మంది, అక్కడా అంతే. చెప్పేవాళ్ళు లేనిచోట కాగితమే చెబుతుంది.

చెప్పేవాళ్ళు లేనప్పుడు పుకార్లు కూడా మాట్లాడతాయి. 1945 మే 6న, జర్మనీ లొంగిపోవడానికి రెండు రోజుల ముందు, డెన్మార్క్ ఉత్తరాన స్కాగెరాక్ జలసంధిలో బ్రిటిష్ లిబరేటర్ విమానం యూ-3523ని ముంచింది. అది ఆ రోజుల్లో అత్యాధునికమైన రకం, చాలాకాలం నీటి అడుగునే ఉండగలదు. శిథిలం చెప్పిన చోట దొరక్కపోయేసరికి నాజీ పెద్దలు బంగారంతో దక్షిణ అమెరికాకి పారిపోయింది దీంట్లోనే అని కథలు అల్లారు. 2018లో డెన్మార్క్‌లోని సీ వార్ మ్యూజియం వాళ్ళకి అది దొరికింది, రికార్డులో రాసిన చోటికి తొమ్మిది నాటికల్ మైళ్ళ దూరంలో, 123 మీటర్ల లోతున, ముక్కు బురదలో కూరుకుపోయి తోక పైకి లేచి ఉంది. విమానంలోంచి చూసినవాడు సముద్రం మధ్యలో చోటు అంచనా వేయడంలో అంత తేడా రావడం పెద్ద వింత కాదు. ఆ కొద్దిపాటి తేడాలో పుట్టిన పుకారు 70 ఏళ్ళు బతికింది.

అందుకే ‘దొరికింది’ అన్న ప్రతి వార్తనీ వెంటనే నమ్మడం కూడా మంచిది కాదు. 2012లో కెనడాలోని లాబ్రడార్‌లో చర్చిల్ నది అడుగున, సముద్రం నుంచి దాదాపు 100 కిలోమీటర్లు లోపల, యూ-బోట్ కనిపించిందని ఒక సోనార్ చిత్రంతో వార్తలు వచ్చాయి. సోనార్ ఇచ్చేది ఆకారం మాత్రమే. పొడుగ్గా, మధ్యలో ఎత్తుగా ఉన్నదల్లా జలాంతర్గామి అయిపోదు. గుర్తుపట్టడం అంటే పెట్టె మీద నంబర్ రేకు, ప్రొపెల్లర్ మీద చెక్కిన అంకెలు, ఏ కార్ఖానాలో ఏ ఏడాది తయారైందో చెప్పే హాచ్ అమరిక, డెక్ మీద ఫిరంగి ఉందా లేదా అన్నది. వాటితో పోలిక కుదిరితేనే పేరు పెట్టాలి. యూ-869 విషయంలో చాటర్టన్, కోలర్ అంత ప్రమాదం తెచ్చుకుని మళ్ళీ మళ్ళీ దిగింది ఆ రేకు కోసమే.

అంత లోతుకి దిగడం ఎంత కష్టమో తెలుగువాళ్ళకి కాస్త ఊహించుకునే వీలుంది. విశాఖ ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసుర మ్యూజియం లోపలికి వెళ్ళినవాళ్ళకి తెలుసు, ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్ళడానికి ఒంగి, కాలు ఎత్తి గుండ్రటి తలుపులోంచి దూరాలి, రెండు పక్కలా పైపులూ వాల్వులూ భుజాలకి తగులుతుంటాయి. కురుసుర పొడవు 91 మీటర్లు, యూ-869 దాదాపు 77 మీటర్లు, అంటే అంతకన్నా ఇరుకు. లైట్లు లేకుండా, నీటితో, బురదతో, వేలాడే వైర్లతో నిండిన ఆ సందులోకి వీపున సిలిండర్లు వేసుకుని దూరడం, ఒక్కసారి చెయ్యి ఆడిస్తే బురద లేచి కళ్ళ ముందు ఏమీ కనపడకపోవడం, 70 మీటర్ల లోతులో గాలి పీల్చితే నైట్రోజన్ వల్ల మత్తెక్కి ఆలోచన మందగించడం. చనిపోయిన ముగ్గురూ అనుభవం ఉన్న డైవర్లే.

విశాఖకి ఈ విషయంతో ఇంకా దగ్గరి సంబంధం ఉంది. 1944 ఫిబ్రవరి 11న విశాఖ తీరం దగ్గర ఒక కాన్వాయ్ మీద దాడి చేసిన జపాన్ జలాంతర్గామి ఆర్‌ఓ-110ని బ్రిటిష్ కాలపు భారత నౌక హెచ్ఎంఐఎస్ జమున, రెండు ఆస్ట్రేలియా నౌకలు కలిసి ముంచాయి. 1971 డిసెంబర్ 3, 4 మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 93 మందితో అక్కడే మునిగింది. ఘాజీ ఎక్కడ ఉందో మొదటినుంచీ తెలుసు, ఐఎన్ఎస్ రాజ్‌పుత్ డెప్త్ చార్జీల వల్ల మునిగిందా, తన లోపలే పేలుడు జరిగిందా అన్న దాని మీదే భారత్, పాకిస్తాన్ చెప్పే మాటలు వేరు. పైన ఉన్నవాళ్ళు చెప్పింది ఒకటి, అడుగున ఉన్నది చెప్పేది ఒకటి అయ్యే అవకాశం జర్మన్ పడవలకే పరిమితం కాదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

ఇంత శ్రమ ఎందుకు, ఓడిపోయిన నాజీ జర్మనీ పడవ ఎక్కడుంటే ఏమిటి అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ పడవలు వేలమంది సామాన్య నావికుల్ని, ప్రయాణికుల్ని చంపాయి, అందులో దాచాల్సింది లేదు. కానీ యూ-బోట్లలో సముద్రంలోకి వెళ్ళిన దాదాపు 40 వేల మందిలో సుమారు 30 వేల మంది తిరిగి రాలేదు, వాళ్ళలో చాలామంది ఇరవై దాటీ దాటని కుర్రాళ్ళు. వాళ్ళ అమ్మానాన్నలకి, భార్యలకి ప్రభుత్వం ఇచ్చింది ఒక తేదీ, ఒక చోటు. యూ-869 వాళ్ళ కుటుంబాలు యాభై ఏళ్ళ పాటు ఆఫ్రికా తీరం వైపు తిరిగి దుఃఖించాయి. చనిపోయినవాడు ఎక్కడున్నాడో సరిగ్గా తెలుసుకోవడం వాడి పక్షాన్ని సమర్థించడం కాదు. కర్మకాండలు చేసుకునే మన ఇళ్ళలో ఈ తేడా ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఇటువైపు క్లాడియస్ కొడుకుకీ అదే వర్తిస్తుంది.

పైగా ఈ సాక్ష్యం ఎప్పటికీ ఉండేది కాదు. ఉప్పునీటిలో ఉక్కు పొరలు పొరలుగా ఊడిపోతుంది. 2010లో డీప్‌వాటర్ హొరైజన్ అనే ఆయిల్ రిగ్ ప్రమాదంలో చిందిన నూనె గల్ఫ్ అడుగున శిథిలాల మీద ఏం ప్రభావం చూపిందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఎంచుకున్న వాటిలో యూ-166 కూడా ఉంది. జావా సముద్రంలో సంగతి ఇంకా ఘోరం: 1942లో మునిగిన డచ్ యుద్ధ నౌకలు డి రాయ్‌టర్, జావా ఉన్న చోటికి 2016లో వెళ్ళి చూస్తే అడుగున గుంటలే మిగిలాయి. వందల మంది చనిపోయిన ఓడలను పాత ఇనుము కోసం ముక్కలుచేసి ఎత్తుకెళ్ళిపోయారు. మునిగిన యుద్ధ నౌకలు సమాధులతో సమానమని దేశాలు అంటాయి, జర్మనీ తన యూ-బోట్ల మీద ఇప్పటికీ హక్కు వదులుకోలేదు, అయినా కాపలా కాసేవాళ్ళు లేని సముద్రంలో ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో జావా సముద్రం చూపించింది.

ఇంకా దొరకాల్సినవి చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు మనవాళ్ళకి తెలియకపోయినా దాని ప్రయాణం తెలుసు. 1943 ఫిబ్రవరిలో కీల్ నుంచి సుభాష్ చంద్రబోస్‌ని ఎక్కించుకుని బయల్దేరిన జలాంతర్గామి యూ-180. ఆయన వెంట ఉన్న ఒకే ఒక్క సహచరుడు మన హైదరాబాదీ ఆబిద్ హసన్. ఇద్దరూ దాదాపు మూడు నెలలు ఆ ఇరుకులో, డీజిల్ వాసనలో గడిపి, ఏప్రిల్ చివర్లో మడగాస్కర్ దగ్గర ఎగిసిపడే అలల మధ్య చిన్న రబ్బరు తెప్ప మీద జపాన్ జలాంతర్గామి ఐ-29కి మారారు. యూ-180 వెనక్కి ఫ్రాన్స్ చేరింది. 1944 ఆగస్టులో బోర్డో నుంచి మళ్ళీ బయల్దేరి, బిస్కే అఖాతంలో 56 మందితో సహా పోయింది. నౌకా మైన్ తగిలి ఆగస్టు 22న మునిగిందని పాత జాబితాల్లో ఉండేది. ఆ మాటకి ఆధారం చాలదని తర్వాత పరిశోధకులు దాన్ని కొట్టేశారు. ఇప్పుడు ఆ గడిలో ‘ఆచూకీ లేదు’ అని మాత్రమే ఉంది.